భాస్వరమునుండి మందుబిళ్ళ వరకు

రాచపుండు అను మాట మన పల్లెలలో గట్టిగా పలుకబడదు. ఆ పేరెత్తవలసి వచ్చినప్పుడు పెద్దలు గొంతు తగ్గింతురు. స్త్రీలు కొంగు నోటికడ్డము పెట్టుకొందురు. ఇంటిలో పెండ్లికెదిగిన పిల్ల యున్నచో ఆ మాట గడప దాటనే దాటదు. కొన్ని యేండ్ల క్రిందట మా బాన్సువాడలో మాకు తెలిసిన యొక రైతునకు రక్తమునందు రాచపుండు కలదని హైదరాబాదు వైద్యులు తేల్చిరి. ఆయన కుమారుడు మాయొద్ద చదువుకొన్నవాడు. బంధువులలో కొందరిది గ్రహచారమనిరి, కొందరు పూర్వజన్మపాపమనిరి. ఒకరు తాయెత్తు కట్టిరి. అంటువ్యాధి కాదని వైద్యులు చెప్పినను వినక, ఇంటివారాయనకు వేరుగ్లాసు, వేరుపళ్ళెము ఏర్పాటు చేసిరి. ఆయన మాత్రము వైద్యులిచ్చిన బిళ్ళను దినమున కొకటి చొప్పున మ్రింగుచు, కొన్ని మాసములకే తిరిగి వరిమడికి నీరు కట్టుకొను స్థితికి వచ్చెను.

ఒకనాటి సాయంకాలము ఆయన మా యింటి యరుగుమీద కూర్చుండి, "సారూ, పానం మంచిగనే ఉన్నది గద, ఇంక ఈ గోలీలెందుకు? ఇది లోపలికి పోయి ఏం జేస్తదో జర చెప్పరాదూ" అని యడిగెను. సంస్కృత ధాతువులకు రూపములు చెప్పగలము. ఇంగ్లీషు కావ్యములకు వ్యాఖ్యానము చేయగలము. ఆ చిన్న బిళ్ళ యేమి చేయునో మాత్రము మేము చెప్పలేకపోతిమి. "డాక్టరు చెప్పినట్టు చెయ్యి కాకా" అని తప్పించుకొంటిమి. కారణము తెలియని యాజ్ఞ యెంతకాలము నిలుచును? ఆయన బిళ్ళలు మానివేసెను. కొన్ని మాసములలో రక్తములోని తెల్లకణములు మరల పెరిగెను. అదృష్టవశమున ఆయన తిరిగి వైద్యులను చేరెను. మందు తిరిగి పనిచేసెను. కాని మా యజ్ఞానమునకు ఆయన మూల్యము చెల్లించెనన్న బాధ మమ్ము వదలలేదు. అందుచేత ఆ బిళ్ళ చరిత్రను చదువ మొదలిడితిమి. చదివినకొలది అది పరదేశముల కథ మాత్రమే కాదనియు, దాని మొదటి యధ్యాయములలో నొకటి భీమవరమున పుట్టిన తెలుగువాని చేతిమీదుగా వ్రాయబడినదనియు, చివరి యధ్యాయములలో నొకటి హైదరాబాదున జరిగినదనియు తెలిసినది. చదువరులకు దానిని నివేదించుటయే యీ వ్యాసోద్దేశము.

యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యమున పేదరికము, యౌవనమున గృహమందు మృత్యువు. ఆయన సోదరులిరువురు స్ప్రూ అను జీర్ణకోశవ్యాధికి బలియైరి. మదరాసు వైద్యకళాశాలలో చదువుచు గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిన కారణమున ఆచార్యుల యాగ్రహమునకు పాత్రులై, ఆయన పూర్తి పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. కొంతకాలము మదరాసు ఆయుర్వేద కళాశాలలో బోధకులుగా నుండి, 1922లో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. అచ్చట హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కీ అను ఆచార్యునితో కలిసి పనిచేయ నారంభించిరి.

ఆ యిరువురు చేపట్టిన పని చూచుటకు స్వల్పము: రక్తమునందును, కండలయందును భాస్వరమెంత కలదో కొలుచుట. 1925లో వారు ప్రకటించిన కొలతపద్ధతి ఫిస్కీ–సుబ్బారావు పద్ధతియని పేరుపొంది లోకమునందలి ప్రయోగశాలలన్నిటికి ప్రాకెను. కొలత సరియైనచో, ఇంతవరకు కనబడనిది కనబడును. 1927లో వారు కండరమునందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. కండరము ముడుచుకొనుటకు లాక్టికామ్లమే మూలమని నాటి పండితులు నమ్మియుండిరి. 1922 సంవత్సరపు నోబెలు బహుమానము ఆ పరిశోధనలకే యీయబడియుండెను. ఫాస్ఫోక్రియాటిను బయటపడుటతో ఆ సిద్ధాంతపు పునాది కదలెను. 1929లో ఫిస్కీ–సుబ్బారావులు అడెనొసిన్ ట్రైఫాస్ఫేటు అను మరియొక పదార్థమును వెల్లడించిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని స్వతంత్రముగా కనుగొనెను. దీనినే నేడు పాఠశాలలో పిల్లలు ఏ.టీ.పీ. యని వల్లించుచున్నారు.

ఈ పదార్థమునకు తోకవలె మూడు ఫాస్ఫేటు ముక్కలు వరుసగా నుండును. చివరి ముక్క తెగినపుడు శక్తి వెలువడును. కండ కదలినను, నరము స్పందించినను, కణము క్రొత్తపదార్థమును నిర్మించుకొన్నను వ్యయమగు నాణెమిదియే. అయితే ఆ చివరి ముక్కకు శక్తి నిచ్చుట యొక్కటే పని కాదు. అది ముద్రయుంగరము వంటిది కూడను. ఆ సంగతి లోకమునకు తెలియుటకు మరి యిరువదియారు సంవత్సరములు పట్టెను.

1955లో అమెరికాలోని సియాటిలు నగరమున ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ అను నిరువురు శాస్త్రజ్ఞులు కండలలో చక్కెరను విడగొట్టు నొక యెంజైమును పరిశీలించుచుండిరి. అది ఒకప్పుడు నిద్రించును, ఒకప్పుడు మేల్కొనును. కారణమును వెదకగా, ఏ.టీ.పీ. తోకలోని చివరి ఫాస్ఫేటు ఆ ప్రోటీనుమీద నతికినపుడు మేల్కొనుచున్నదనియు, ఊడినపుడు నిద్రించుచున్నదనియు తేలెను. ఇట్లు ఫాస్ఫేటును తెచ్చి ప్రోటీనుమీద నతికించు పనివానికి ప్రోటీను కినేజు అని పేరు. ఊడదీయు పనివాడు వేరు. వాని పేరు ఫాస్ఫటేజు. ఈ పరిశోధనకు వారికి 1992లో నోబెలు బహుమానము లభించెను. మానవుని జన్యువులలో కినేజులను నిర్మించునవి 518 కలవని 2002లో లెక్క తేల్చిరి.

నిజాంసాగరు క్రింద వ్యవసాయము చేయు మావంటివారికి దీనిని బోధపరచుట కష్టము కాదు. కాలువకు తూములు కలవు. తూములకు నీరటివాడు కలడు. ఏ మడికి ఎప్పుడు నీరు విడువవలెనో ఎరిగి వాడు తూము తెరచును. మరియొకడు దానిని మూయును. కణమునకు "పెరుగుము", "విభజింపబడుము", "చాలును, ఆగుము" అను నాజ్ఞలన్నియు ఇట్టి తూముల ద్వారముననే చేరుచుండును. కినేజు నీరటివాడు. ఏ.టీ.పీ. తోకలోని ఫాస్ఫేటు వాని చేతి తాళపుచెవి. ఇక ఒక నీరటివానికి మతి తప్పి, తూము తెరచిపట్టి మూయనీయకున్నచో నేమగును? మడి మునుగును, గట్టు తెగును, ప్రక్కపొలము పాడగును. రాచపుండ్లలో పెక్కింటియందు జరుగునది యిదియే.

ఈ సంగతి యొక్కనాడు తెలిసినది కాదు. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్ఫర్డ్ అనువారు ఒకజాతి రక్తపు రాచపుండుగల రోగుల కణములలో ఒక క్రోమోజోము మామూలుకంటె పొట్టిగా నుండుటను గమనించిరి. అది తెగి నశించినదని యనుకొనిరి. 1973లో జానెట్ రౌలీ అను విదుషీమణి, అది నశింపలేదనియు, తొమ్మిదవ క్రోమోజోమును, ఇరువదిరెండవ క్రోమోజోమును తమ కొసలను మార్చుకొన్నవనియు నిరూపించెను. ఆ మార్పిడివలన అంతకుముందు దూరముగా నుండిన రెండు జన్యువులు అతుకుకొని బీసీఆర్–ఏబీఎల్ అను వికృతమైన కినేజు పుట్టుచున్నదని తరువాత తెలిసెను. 1978, 1979 సంవత్సరములలో కోళ్ళకు రాచపుండు పుట్టించు నొక వైరసు చేయు ప్రోటీనుకూడ కినేజే యనియు, అది టైరొసిన్ అను ప్రత్యేక స్థానమునందు ఫాస్ఫేటు నతికించుననియు బయటపడెను. నాటితో పరిశోధకుల దృష్టి యంతయు ఈ పనివారిమీద పడెను.

చదువరులు గమనింపవలసిన విషయ మిచ్చట నొకటి కలదు. మా రైతునకు వచ్చినది ఈ వ్యాధియే. ఇది తల్లిదండ్రులనుండి సంక్రమించినది కాదు. గ్లాసుద్వారా నంటునది కాదు. పూర్వజన్మలో చేసినదానికి దండన కాదు. ఒక మజ్జకణమున రెండు క్రోమోజోములు తెగి తప్పుగా నతుకుకొన్నవి. అంతియే. ఈ చిన్నవాక్యము ఆ యింటిలో ముందుగా తెలిసియుండినచో వేరుగ్లాసు, వేరుపళ్ళెముల యవమానము ఆ పెద్దమనిషికి తప్పియుండెడిది.

నీరటివాని చేయి పట్టుట యెట్లు? సుబ్బారావుగారి జీవితముననే ఈ ప్రశ్నకు మరియొక దారిలో సమాధానపు బీజము కలదు. హార్వర్డులో స్థిరమైన యుద్యోగము లభింపకపోగా ఆయన 1940లో న్యూయార్కు రాష్ట్రములోని పెరల్ రివరు గ్రామమున నున్న లెడర్లీ ప్రయోగశాలకు తరలిరి. ఆయన నాయకత్వమున అచ్చటివారు ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. కణము పెరుగుటకు ఫోలికామ్లము కావలెను. అట్లయిన, చూచుటకు ఫోలికామ్లమువలెనే యుండి, పనిచేయుటకు మాత్రము పనికిరాని మారువేషధారిని సృష్టించినచో, యెంజైము దానిని కౌగిలించుకొని మోసపోవును. కణము పెరుగుట యాగును. ఇట్లు పుట్టినదే అమినోప్టెరిన్. దాని తోబుట్టువే నేటికిని వైద్యులు వాడుచున్న మెథొట్రెక్సేటు. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు రాచపుండుతో మరణాసన్నులైన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ నీయగా 10 మందికి కొంతకాలము వ్యాధి తగ్గెను. ఆ వృత్తాంతము 1948 జూనులో ప్రకటింపబడెను. అంతకుముందు ఆ వ్యాధిని ఏ మందును నిలువరించి యుండలేదు. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు ఏబదిమూడవ యేట న్యూయార్కులో కన్నుమూసిరి. ఆయన స్వదేశమునకు తిరిగి రానేలేదు.

ఇట్లు ఒకే మనిషి జీవితములో రెండు సత్యములు ప్రక్కప్రక్కన నిలిచినవి. ఏ.టీ.పీ. యను తాళపుచెవిని కనుగొన్నవారిలో ఆయన యొకరు. మారువేషపు టణువుతో ఎంజైము నోరు మూయవచ్చునని చూపినవారిలోను ఆయన యొకరు. ఈ రెండును కలిసినచో కినేజునిరోధక మందు పుట్టును: ఏ.టీ.పీ. కూర్చుండవలసిన గుంటలో మరియొక చిన్న యణువును ముందుగానే కూర్చుండబెట్టవలెను. తాళపుకన్నములో చీల దూర్చినట్లు. రెండు దారులు కలియుటకు మాత్రము ఆయన మరణానంతరము అర్ధశతాబ్ది పట్టెను.

ఆలస్యమునకు కారణము కలదు. కినేజులన్నియు ఏ.టీ.పీ.నే వాడును, కాబట్టి వాని గుంటలన్నియు ఇంచుమించు ఒకేరూపున నుండును. ఒకదానిని మూయబోయినచో వందింటిని మూసినట్లగునని పండితులనేకులు శంకించిరి. ఆ శంక నిరాధారము కాదు. జపానుదేశమున సతోషి ఓమురా బృందమువారు 1977లో నేలలోని సూక్ష్మజీవినుండి తీసిన స్టారోస్పోరిన్ అను పదార్థము కినేజులను గట్టిగా నిరోధించునని 1986లో తెలిసెను. కాని అది మంచిచెడుల విచక్షణ లేక పెక్కు కినేజులను పట్టివేయును. అదే దేశమున హిరోయోషి హిదాకా ఐసోక్వినొలిన్ సల్ఫొనమైడులను నిరోధకములను 1984లో ప్రకటించెను. 1988లో జెరూసలేమునందు అలెగ్జాండర్ లెవిట్స్కీ బృందము టైరొసిన్ కినేజులనే గురిపెట్టు టిర్ఫోస్టినులను తయారుచేసెను.

ఈ తొలి నిరోధకములు రోగులకు మందులగుటకంటె ముందు పరిశోధకులకు పనిముట్లయ్యెను. ఏ కినేజు ఏ పనిచేయునో తెలియవలెనన్నచో దానిని ఆపి చూడవలెను. వైద్యుడు నాడి నొక్కి చూచినట్లు వారు ఒక్కొక్క తూమును మూసి, ఏ మడి యెండినదో చూచిరి. అయితే పనిముట్టు తప్పైనచో ఫలితమును తప్పగును. 2000 సంవత్సరమున స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయమున ఫిలిప్ కోహెన్ బృందము, ఒక్కొక్క కినేజునే ప్రధానముగా నిరోధించునని పేరుపొంది మార్కెట్టులో దొరకుచుండిన 28 నిరోధకములను అనేక కినేజులమీద పరీక్షించి చూచెను. వానిలో పెక్కింటికి తాము ప్రకటించిన లక్ష్యముకంటె వేరు లక్ష్యములుకూడ కలవని తేలెను. అనగా, ఆ పనిముట్లను నమ్మి వ్రాసిన వ్యాసములలో కొన్నింటిని మరల పరీక్షింపవలసిన యవసరము ఏర్పడెను. ఒక నిరోధకముతో వచ్చిన ఫలితమును, నిర్మాణమున వేరైన మరియొక నిరోధకముతో సరిచూడవలెననుట నాటినుండి మంచి పరిశోధకుల నియమమయ్యెను. శాస్త్రము తన తప్పును తానే వెదకి ప్రకటించుకొను ఈ గుణమును మన సంఘము నేర్చుకొనదగినది.

ఇక మా రైతు బిళ్ళ కథ. స్విట్జర్లండులోని బాజెలు నగరమున సీబా–గైగీ కంపెనీలో అలెక్స్ మాటర్, నికొలస్ లైడన్, యూర్గ్ జిమర్మన్ అనువారు ఎన్నో యణువులను కూర్చి, మార్చి, చివరకు ఇమాటినిబ్ అను దానిని సాధించిరి. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రపు వైద్యుడు బ్రయన్ డ్రూకర్, అది బీసీఆర్–ఏబీఎల్ గల కణములను చంపి, మామూలు కణములను చాలవరకు విడిచిపెట్టుచున్నదని వారితో కలిసి 1996లో ప్రకటించెను. ఆ సంవత్సరమే సీబా–గైగీ మరియొక కంపెనీతో కలిసి నోవార్టిస్ అయ్యెను. రోగులు కొలదిమంది యగుటచే లాభము రాదేమోయని కంపెనీ సందేహించినను డ్రూకర్ పట్టువిడువలేదు. 1998 జూనులో మానవులపై ప్రథమపరీక్ష ఆరంభమయ్యెను. దినమునకు 300 మిల్లీగ్రాములు, అంతకు పైగా తీసికొన్న 54 మందిలో 53 మందికి రక్తము మామూలుస్థితికి వచ్చెను. 2001 మే 10వ తేదీన అమెరికా ప్రభుత్వ మీ మందు నంగీకరించెను. పది సంవత్సరముల తరువాత లెక్కింపగా దీనిని మొదటినుండి తీసికొన్నవారిలో నూటికి సుమారు 83 మంది జీవించియుండిరి.

గుంటలన్నియు ఒకేరూపున నుండునను శంక యేమయ్యెను? ఏబీఎల్ కినేజు పనిచేయనప్పుడు దాని గుంట యొక విశేషరూపము దాల్చును. ఇమాటినిబ్ ఆ నిద్రించు రూపమును పట్టుకొని లేవనీయదు. మేల్కొన్న కినేజులన్నియు ఒకరినొకరు పోలియున్నను, నిద్రించునప్పుడు వాని భంగిమలు వేరు. 2000 సంవత్సరమున స్ఫటికముల పరిశీలనచే ఈ రహస్యము తెలిసినది.

ఈ బిళ్ళ తూమును పట్టియుంచునుగాని మతితప్పిన నీరటివానిని సంహరింపదు. వికృతకణములు కొన్ని మజ్జలో దాగియుండును. మందు మానినచో, చీల తీసిన తాళమువలె తూము తిరిగి తెరచుకొనును. కొన్ని పర్యాయములు కినేజు తన గుంటయందలి ఒక్క యిటుకను మార్చుకొని మందును లోనికి రానీయదు. అట్టి మార్పులను 2001లోనే కనుగొనిరి. అప్పుడు డాసటినిబ్, నిలోటినిబ్, పొనాటినిబ్ మొదలగు తరువాతి మందులు కావలెను. సంవత్సరముల తరబడి వ్యాధిచిహ్నము మిక్కిలి స్వల్పస్థితిలో నిలిచిన కొందరికి వైద్యులు తరచు రక్తము పరీక్షించుచు మందు మాన్పించి చూచుట నేడు కలదు. అది వైద్యుని లెక్కమీద జరుగవలసిన పనిగాని, "పానం మంచిగ" నున్నదన్న భావముమీద జరుగవలసినది కాదు. మేమానాడు మా యరుగుమీద చెప్పవలసియుండిన జవాబిది. చెప్పుటకు ఐదు నిమిషములు చాలును.

మందు పుట్టెను, మరి అది పేదవాని చేతికి చేరుట యెట్లు? ఇచ్చట చరిత్ర తిరిగి మన గడ్డకు వచ్చును. స్వాతంత్ర్యానంతరమును మన దేశమున 1911 నాటి పేటెంటు చట్టమే నడచుచుండెను. మందుల వెలలు మండుచుండెను. న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదికను పురస్కరించుకొని 1970లో క్రొత్త పేటెంటు చట్టము చేయబడి, 1972లో అమలునకు వచ్చెను. దానిప్రకారము మందునకు పేటెంటు లేదు. దానిని చేయు విధానమునకు మాత్రమే కలదు. వేరొక విధానమున అదే మందును చేయగల రసాయనవేత్తకు ద్వారము తెరచుకొనెను. హైదరాబాదులో అప్పటికే ప్రాంతీయ పరిశోధనశాల యుండెను; బాలానగరున సోవియటు సహాయముతో ఐ.డి.పి.ఎల్. కర్మాగారము వెలసెను. అచ్చట పని నేర్చినవారనేకులు తరువాత స్వంత కర్మాగారములను స్థాపించిరి. నన్నపనేని వెంకయ్య చౌదరిగారు 1981లో హైదరాబాదున స్థాపించిన నాట్కో కంపెనీ ఈ కాలపు సంతానమే.

నాట్కోవారు 2003లో ఇమాటినిబును 'వీనాట్' అను పేర విక్రయింప మొదలిడిరి. నోవార్టిస్ వారి బిళ్ళలు నెలకు సుమారు రూ. 1,20,000 కాగా, దేశీయ కంపెనీలవి అందులో పదవవంతు లోపల దొరకెను. నోవార్టిసువారు ఆ మందు యొక్క ఒక స్ఫటికరూపమునకు పేటెంటు కోరిరి. 2005 జనవరి 1 నుండి మన చట్టము మారి మందులకును పేటెంటు లభించు కాలము వచ్చియుండెను. కాని తెలిసిన పదార్థమునకే క్రొత్తరూపము కల్పించి, రోగమును కుదుర్చు శక్తి పెరుగకున్నను పేటెంటు కోరరాదని 3(డి) సెక్షను చెప్పుచున్నది. రోగుల పక్షమున కాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషను, దేశీయ కంపెనీలు అభ్యంతరములు చెప్పగా, 2006లో మదరాసు పేటెంటు కార్యాలయము ఆ దరఖాస్తును త్రోసిపుచ్చెను. 2013 ఏప్రిల్ 1వ తేదీన సుప్రీముకోర్టు ఆ నిర్ణయమునే స్థిరపరచెను.

రెండవ వివాదము సోరాఫెనిబ్ అను మరియొక కినేజునిరోధకమునకు సంబంధించినది. ఇది మూత్రపిండముల రాచపుండునకు 2005లోను, కాలేయపు రాచపుండునకు 2007లోను అమెరికాలో అంగీకరింపబడెను. బేయర్ కంపెనీవారు 2008లో మన దేశమున దానికి పేటెంటు పొందిరి. నెలకు కావలసిన 120 బిళ్ళల వెల రూ. 2,80,428. మా బాన్సువాడ రైతులలో సంవత్సరమంతయు పండించి అంత మొత్తమును కన్నులజూచువారెందరు? నాట్కోవారు 2011లో బలవంతపు లైసెన్సునకు దరఖాస్తు పెట్టిరి. ప్రజల యవసరము తీరుటలేదు. వెల అందుబాటున లేదు. మందు ఈ దేశమున తయారగుటలేదు. ఈ మూడు కారణములచే 2012 మార్చి 9వ తేదీన పేటెంట్ల కంట్రోలర్ జనరల్ పి. హెచ్. కురియన్ గారు లైసెన్సు మంజూరుచేసిరి. మన దేశచరిత్రలో మందునకు బలవంతపు లైసెన్సు దొరకుట ఇదియే ప్రథమము. వెల నెలకు రూ. 8,880 మించరాదనియు, బేయరువారికి నూటికి ఆరు చొప్పున రాయల్టీ చెల్లింపవలెననియు, సంవత్సరమునకు 600 మంది పేదరోగులకు ఉచితముగా నీయవలెననియు నియమించిరి. 2013లో అప్పీలుబోర్డు రాయల్టీని నూటికి ఏడుగా పెంచి లైసెన్సును నిలిపెను. 2014లో బొంబాయి హైకోర్టు దానినే సమర్థించెను. ఆ యేడాది డిసెంబరులో సుప్రీముకోర్టు జోక్యము చేసికొన నిరాకరించెను. పేటెంటు 2020లో ముగిసినది.

ఈ విజయములను చూచి మనము మీసము దువ్వుకొనుట సులభము. కాని న్యాయదృష్టితో చూచువాడు రెండవ పక్షమునుకూడ వినవలెను. నోవార్టిసువారు మన దేశములో వేలాదిరోగులకు ఆ మందును ఉచితముగా పంచిరి; ఆ మాట దాచుట ధర్మము కాదు. క్రొత్తమందు కనుగొనుటకు సంవత్సరములును, విఫలమైన యణువులెన్నియో పట్టునన్న వారి వాదమును అబద్ధము కాదు. మరియొక సత్యము: సోరాఫెనిబ్ కాలేయపు రాచపుండును మాన్పదు. 2008లో ప్రకటింపబడిన పరీక్షలో మందు లేనివారు సగటున 7.9 మాసములు, మందు తీసికొన్నవారు 10.7 మాసములు జీవించిరి. రెండున్నర లక్షలకు మించిన నెలవెల, అధికముగా దొరకిన మూడుమాసములకంటె తక్కువ కాలము. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడే ఆ వెల యొక్క క్రౌర్యము తేటపడును. ఆ మూడు మాసములు ఒక తండ్రికి కూతురి పెండ్లి చూచుటకు చాలవచ్చును. ఆ వెల ఆ పెండ్లినే చెరుపవచ్చును. కావున వెల తగ్గించిన చేతికి మేము నమస్కరింతుము. అణువును మొదట కూర్చిన చేతికిని నమస్కరింతుము.

ఇంతకంటె మనలను కలతపెట్టవలసిన ప్రశ్న మరియొకటి కలదు. ఇతరులు కనుగొన్న దానిని చౌకగా చేయుటలో మన కర్మాగారములు ప్రసిద్ధికెక్కినవి. అది చిన్నపని కాదు, అది ప్రాణదానము. కాని భీమవరపు బాలుడు ఏ.టీ.పీ.ని కనుగొనుటకు సముద్రము దాటి పోవలసివచ్చెను. ఖద్దరు తొడిగినందులకు పట్టము తగ్గించిన విద్యాలయములు, ప్రశ్న వేసినవానిని కూర్చుండుమని గద్దించు తరగతులు నాటితోనే పోయినవని చెప్పగలమా? మా తరగతిలో మేమెన్నిసార్లు ప్రశ్నించిన బాలుని "అది పరీక్షలో రాదు" అని కూర్చుండబెట్టితిమో లెక్కించుకొనగా సిగ్గగుచున్నది. 1995లో సుబ్బారావుగారి శతజయంతికి తపాలాబిళ్ళ వెలువడెను. బిళ్ళమీద బొమ్మ వేయుట గౌరవమే. ఆయన వేసిన ప్రశ్నలవంటి ప్రశ్నలు మన పిల్లలు వేయునట్లు చేయుట అంతకంటె గొప్ప గౌరవము.

చేయవలసిన పనులు మన చేతిలో నున్నవి. రాచపుండును దాచవద్దు, దాచిన దినములు వ్యాధికి లాభము. హైదరాబాదులో 1955 నుండి మెహదీ నవాజ్ జంగ్ పేర ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి కలదు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పేదకుటుంబములకు ఇట్టి చికిత్సలలో ననేకమునకు ఆసరా యైనది. తాయెత్తు కట్టువారిని నిందించుటకంటె, తాయెత్తు కట్టినను బిళ్ళ మాననీయకుండుట ముందుపని. రోగికి వేరుగ్లాసు పెట్టు ఇంటిలో ఆ గ్లాసుతోనే నీరు త్రాగి చూపుట ఉపాధ్యాయుని విధి. ఇక అన్నిటికంటె ముఖ్యము: మందు ఏమి చేయునో తెలుగున చెప్పవలెను. తూము, నీరటివాడు, తాళము, చీల అను మాటలు మన యిండ్లలో నున్నవే. వానితో చెప్పరాని శాస్త్రము లేదు; చెప్పుటకు మనము పూనుకొనకపోవుటయే కలదు.

మా రైతు నేటికిని దినమున కొక బిళ్ళ మ్రింగుచున్నాడు. ఈ వ్యాసము వ్రాయుటకు ముందు ఆయనను మా యరుగుమీద కూర్చుండబెట్టి, తూముతో మొదలిడి కథయంతయు చెప్పితిమి. ఆయన విని, "గిదే మాట అప్పుడే చెప్పుంటే నేనెందుకు బంద్ జేద్దును సారూ" అనెను. మాకు జవాబు లేకపోయెను.